బుడగ ఏది... ప్రాణి ఏది?

చెరువు నీళ్లను గాజుగ్లాసులో పట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. నలకల్లాంటివి తేలుతూ కనిపిస్తాయి. కాసేపు ఓపిక పట్టాలి. కొన్ని నలకలు మెల్లగా అడుక్కి దిగిపోతాయి. అవి మట్టి. కొన్ని మాత్రం ఉన్నట్టుండి ఓ గంతు వేసి పక్కకు జరుగుతాయి. అవి మట్టి కాదు, ప్రాణులు. సూదిమొన అంత, ఇంకా చెప్పాలంటే అంతకన్నా చిన్నగా ఉండే వీటిని శాస్త్రవేత్తలు జంతుప్లవకాలు అంటారు. డాఫ్నియాలు, సైక్లాప్స్, రోటిఫర్లు... ఇలా ఎన్నో రకాలు.

పేరు తెలియకపోయినా, వీటిలో ఒకదాని దెబ్బ మన పాతతరం వాళ్లకు బాగా తెలుసు. దిగుడుబావి నీళ్లు గుడ్డతో వడగట్టుకుని తాగాలని ఒకప్పుడు ఊరూరా చెప్పింది ఎందుకనుకున్నారు? నారికురుపు భయంతోనే. కాల్లోంచి దారంలా బయటికొచ్చే ఆ పురుగు పిల్లల్ని కడుపులో మోసేది సైక్లాప్సే. 1996లో రాజస్థాన్‌లో బయటపడినదే దేశంలో చివరి కేసు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశానికి నారికురుపు నుంచి విముక్తి లభించిందని ప్రకటించింది. గుడ్డముక్కే అక్కడ సగం వైద్యం చేసింది.

అలాగని సైక్లాప్స్‌ను పూర్తిగా దుష్టుల జాబితాలో వేయక్కర్లేదు. దాని దగ్గరి చుట్టం మీసోసైక్లాప్స్ అప్పుడే పుట్టిన దోమపిల్లల్ని పట్టి తినేస్తుంది. వియత్నాం పల్లెల్లో నీళ్ల తొట్లలో వీటిని వదిలి డెంగీ దోమను అదుపు చేశారు. ఇక డాఫ్నియాల పని నీళ్లలోని పాచిని వడగట్టి తినడం. చేపపిల్లలకు ఇవన్నీ చనుబాల లాంటివి. కైకలూరు వైపు చేపల రైతులు చెరువులో ఎరువు వేసేది చేపకోసం కాదు, ముందు ఈ ప్లవకాల కోసం. అవి ఉంటే చేప దానంతటదే పెరుగుతుందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు హైదరాబాద్ తూర్పు కొసకు వద్దాం. ఉప్పల్‌లో వరంగల్ రహదారి పక్కన నల్లచెరువు. కాస్త పైకి వెళితే నాచారం పెద్దచెరువు. ఒకప్పుడు పొలాలకు నీళ్లిచ్చిన చెరువులు. తర్వాత చుట్టూ పారిశ్రామికవాడలు, కాలనీలు వచ్చాయి. వాటితోపాటే మురుగూ వచ్చింది. మూసీ శుద్ధి పథకం మొదటి దశలో నల్లచెరువు దగ్గర రోజుకు 3 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రం కట్టారు. గుర్రపుడెక్క తీయిస్తుంటారు, అది మళ్లీ పెరుగుతుంటుంది. సాయంత్రమైతే దోమల గురించి ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా! దోమలకని కొట్టే మందుల్లో కొన్ని దోమపిల్లల్ని తినే ప్లవకాలకూ విషమే. అలాంటి చెరువు బాగుపడుతోందా, చస్తోందా అని తెలుసుకోవడానికి నీటి రంగు చూస్తే చాలదు. వాసన చూసినా చాలదు. అందులో ఆ గంతులు వేసే నలకలు ఎన్ని, ఏ రకానివి అన్నది లెక్క తేలాలి.

ఈ లెక్క హైదరాబాద్‌కు కొత్తేం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎ.ఆర్.జాఫర్ 1960ల్లోనే ఇక్కడి చేపల చెరువుల్లోని పాచిజాతుల మీద పరిశోధన చేసి 'హైడ్రోబయాలజియా' పత్రికలో అచ్చువేయించారు. అదే పత్రికలో 1970లో ఎం.మునవర్ హైదరాబాద్ మంచినీటి చెరువుల మీద వరుస వ్యాసాలు రాశారు. మురుగు కలిసిన చెరువుకూ కలవని చెరువుకూ ప్లవకాల్లో తేడా ఏమిటన్నది అందులో ముఖ్యమైన విషయం. తర్వాత ఆయన కెనడా వెళ్లి అక్కడి మహాసరస్సుల ప్లవకాల మీద పేరుపొందిన శాస్త్రవేత్త అయ్యారు. మన చెరువు గట్టున మొదలైన చదువు అంతదూరం వెళ్లిందన్నమాట.

అప్పటి సాధనాలు సీసా, సన్నటి వల, మైక్రోస్కోపు. ఇప్పటికీ వాటికి సాటి లేదు. కానీ వలకో ఇబ్బంది ఉంది. చెరువులో ప్లవకాలు అన్నిచోట్లా సమానంగా ఉండవు. ఇక్కడో గుంపు, అక్కడో గుంపు. వల వేసినచోట గుంపు లేకపోతే చెరువు ఖాళీ అనుకుంటాం. పైగా పచ్చటి పాచి వలకన్నాలను మూసేస్తుంది. నీళ్లు లోపలికి రాకుండా పక్కనుంచి జారిపోతాయి. లెక్క తగ్గిపోతుంది. అందుకే కొన్ని దేశాల్లో వలకు తోడుగా ధ్వనిని పట్టుకున్నారు. కెనడా, అమెరికాల మధ్యనున్న ఒంటారియో సరస్సులో మైసిస్ అనే చిన్న రొయ్యలాంటి ప్రాణిని రాత్రిపూట పడవ మీదనుంచి ధ్వనితోనే లెక్క కడతారు.

నేలలోకి విన్నవాళ్ల వీధిలో...

నీళ్లలోకి చిన్న 'టిక్' మనే ధ్వని పంపితే, అది దేన్నో తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే దూరం తెలుస్తుంది. ఎంత గట్టిగా వచ్చిందో చూస్తే తగిలిన వస్తువు సంగతి తెలుస్తుంది. ఇదే ఎకో సౌండర్. ఈ సూత్రం ఉప్పల్ రోడ్డుకు పాతకాపే. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నది ఇక్కడే కదా. 1970ల తొలినాళ్లలో ఆ సంస్థ శాస్త్రవేత్తలు సోవియట్ నిపుణుల సాయంతో కావలి నుంచి ఉడుపి దాకా సుమారు 600 కిలోమీటర్ల గీత వెంట నేలలో పేలుళ్లు జరిపారు. భూమి లోపలి పొరలు తిప్పికొట్టిన కంపనాలను విన్నారు. పదుల కిలోమీటర్ల లోతు సంగతులు అలా బయటపడ్డాయి. దేశంలో అలాంటి సర్వే అదే మొదటిది.

మరి 600 కిలోమీటర్ల దారి వెంట నేలను విన్నవాళ్ల వీధిలో, రెండుమూడు మీటర్ల చెరువును వినడం ఎంతసేపు అనిపిస్తుంది. ఇక్కడే ఉంది తిరకాసు. లోతు తక్కువైతే పని తేలిక కాదు, కష్టం!

ధ్వనితో ప్లవకాలను పట్టుకోవచ్చని తెలిసింది కూడా కాస్త వింతగానే. 1942లో అమెరికాలో శాన్‌డియాగో తీరం దగ్గర జలాంతర్గాముల కోసం సోనార్ ప్రయోగాలు చేస్తుంటే, సముద్రం మధ్యలో ఓ 'దొంగ అడుగు' కనిపించింది. పగలు వందల మీటర్ల లోతున ఉంటుంది, సాయంత్రానికి పైకి వస్తుంది. సముద్రం అడుగు ఎక్కడైనా లేచి నడుస్తుందా? మార్టిన్ జాన్సన్ అనే జీవశాస్త్రవేత్త 1945లో వలలు వేసి చూసి, రాత్రి మేతకు పైకొచ్చి పగలు లోపల దాక్కునే ప్రాణుల గుంపుల వల్లే అలా జరుగుతోందని తేల్చారు. యుద్ధంవాళ్లకు అది చికాకు. జీవశాస్త్రవేత్తలకు అదే కొత్త చూపు.

సరే, నాచారం పెద్దచెరువుకు తీసుకెళ్లే పరికరం ఎలాంటిదై ఉండాలి? మొదటి ప్రశ్న పౌనఃపున్యం. నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. చేపల కోసం మామూలుగా వాడే 200 కిలోహెర్ట్జ్ ధ్వని అలపొడవు 7.5 మిల్లీమీటర్లు. మన ప్లవకం పొడవేమో ఓ మిల్లీమీటరు. పెద్ద అల ముందు చిన్న గులకరాయి సంగతి తెలిసిందే... అల దాన్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. ప్రాణి అలకన్నా బాగా చిన్నదైనప్పుడు దాని సైజు సగానికి తగ్గితే, అది తిప్పికొట్టే ప్రతిధ్వని శక్తి సగం కాదు, 64వ వంతుకు పడిపోతుంది. అందుకని నీళ్లు చెడేకొద్దీ సమస్య ముదురుతుంది. మురుగు పెరిగిన చెరువుల్లో బ్రాకియోనస్ లాంటి రోటిఫర్లదే రాజ్యం. వాటి పొడవు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండకపోవచ్చు. మోయినా లాంటి కాస్త పెద్దవి కొన్ని మురుగును తట్టుకుంటాయి గానీ అన్నీ కాదు. అంటే ఏ చెరువును వినాల్సిన అవసరం ఎక్కువో, ఆ చెరువులోని ప్రాణులే అతి తక్కువ చప్పుడు చేస్తాయి.

దీనికి మందు లేకపోలేదు. అమెరికాలో వాన్ హాలిడే అనే శాస్త్రవేత్త బృందం టాప్స్ అనే పరికరం తయారుచేసింది. అందులో 265 కిలోహెర్ట్జ్ నుంచి 3 మెగాహెర్ట్జ్ దాకా ఆరు పౌనఃపున్యాలు పలికే రకం ఉంది. 3 మెగాహెర్ట్జ్ దగ్గర అలపొడవు అర మిల్లీమీటరే. అంత సన్నటి ధ్వని నీళ్లలో కొద్ది మీటర్లు కూడా సరిగా పోదు. సముద్రంలో అది పెద్ద లోపం. రెండు మీటర్ల నల్లచెరువులో లోపమెలా అవుతుంది? లోతులేని చెరువుకు కలిసొచ్చే ఒకేఒక్క విషయం ఇదేనేమో.

కలిసిరానివి చాలానే ఉన్నాయి. ధ్వనిని పంపి, వినే భాగాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. మామూలు 200 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి సుమారు ఓ మీటరు లోపు వచ్చే లెక్కను నమ్మడానికి లేదు. అక్కడ ధ్వనికిరణం ఇంకా కుదురుకోదు. అడుగున మరో జానెడు బురద ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. రెండు మీటర్ల నీళ్లలో పైనొకటి, కిందొకటి తీసేస్తే మిగిలేదెంత? అందుకే ట్రాన్స్‌డ్యూసర్‌ను కిందికి కాకుండా పక్కకు తిప్పి బిగిస్తారు, లేదా అడుగున పెట్టి పైకి చూపిస్తారు. 'టిక్' నిడివినీ తగ్గిస్తారు. ఒక మిల్లీసెకను పాటు పలికిస్తే 75 సెంటీమీటర్ల మందంలో ఉన్నదంతా కలగలిసిపోతుంది. పదోవంతుకు తగ్గిస్తే ఏడున్నర సెంటీమీటర్ల మందాన్ని విడివిడిగా వినొచ్చు.

సబ్బునీళ్లలో గుండు

ఇక అసలైన తయారీ. ఏ కొట్టు త్రాసుకైనా తూకపురాయితో పరీక్ష ఉంటుంది కదా. ఎకో సౌండర్‌కు ఆ తూకపురాయి ఓ లోహపు గుండు. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు. బాగా వాడుకలో ఉన్నదాని అడ్డకొలత 38.1 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళంన్నర. చూడ్డానికి నిమ్మకాయంత, చేతిలోకి తీసుకుంటే 430 గ్రాముల బరువు! ఈ గుండు ఏ పౌనఃపున్యంలో ఎంత ప్రతిధ్వని ఇవ్వాలో లెక్క ముందే తెలుసు. ట్రాన్స్‌డ్యూసర్ కింద సన్నటి నైలాన్ దారంతో వేలాడదీసి, పరికరం ఎంత చూపిస్తోందో రాసుకుంటారు. తేడా ఉంటే అంతమేరకు సరిచేస్తారు. 1987లో అంతర్జాతీయ సముద్ర అన్వేషణ మండలి ఈ పద్ధతిని పుస్తకంగా వేసింది. 2015లో దాన్ని కొత్తగా రాశారు. పౌనఃపున్యం బాగా పెరిగితే గుండు చిన్నదవ్వాలి.

అంతా బాగుంది గానీ, గుండును చేత్తో పట్టుకుంటే వేలి జిడ్డు అంటుతుంది. జిడ్డున్నచోట నీళ్లు సరిగా తడవవు, సన్నటి గాలిబుడగలు అతుక్కుంటాయి. ఆ బుడగలే గుండుకన్నా పెద్దగా 'మాట్లాడేస్తాయి'. అందుకని గుండును, దారాన్ని, దారానికి వేసిన ముడులను సబ్బునీళ్లలో ముంచి గాని చెరువులో దింపరు. లక్షల రూపాయల పరికరం, అంట్లు తోమే సబ్బునీళ్లు! ప్రయోగశాలల్లో ఇలాంటి జోడీలు బోలెడు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్నీ అలాగే కడిగి, నీళ్లలో కాసేపు నానబెడతారు. దాని ఒంటి వేడి నీటి వేడితో సమానం కావాలి. నీటి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాల్సిందే. 20 డిగ్రీల దగ్గర ధ్వనివేగం 1482 మీటర్లయితే, 30 డిగ్రీల దగ్గర 1509. తేడా చిన్నదే, కానీ గుండు ఇవ్వాల్సిన ప్రతిధ్వని లెక్క దానితో మారుతుంది.

ఈ గుండు పరీక్షను నల్లచెరువులోనే చేసేయొచ్చుగా అంటే, కుదరదు. గుండుకీ ట్రాన్స్‌డ్యూసర్‌కీ మధ్య తగినంత ఎడం ఉండాలి. చుట్టూ చేప, పాచి, బుడగ ఉండకూడదు. 1920లో కట్టడం పూర్తయిన ఉస్మాన్‌సాగర్‌లోనో, 1927 నాటి హిమాయత్‌సాగర్‌లోనో లోతున్నచోట, అనుమతి తీసుకుని, గాలి లేవకముందే తెల్లవారుజామున చేసుకుంటే మేలు. నౌకాదళపు సోనార్లంతటి వాటిని కూడా డీఆర్‌డీవో వాళ్లు సముద్రంలో దించేముందు కేరళ ఇడుక్కి జిల్లా కులమావులోని జలాశయంలోనే పరీక్షిస్తారు. 2024లో అక్కడ ఇందుకోసం కొత్త తేలే వేదికను కూడా ప్రారంభించారు. నిలకడగా ఉండే లోతైన మంచినీటికి అంత విలువ.

మిగతా సరంజామాకు మాత్రం ఊరు దాటక్కర్లేదు. ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవకు బిగించే గొట్టం, దాని బిగింపు పట్టీలు నాచారం పారిశ్రామికవాడలోని ఏ చిన్న లేత్ వర్క్‌షాపులో అయినా తయారవుతాయి. గొట్టం ఊగకూడదు, అదొక్కటే షరతు. కరెంటుకు జనరేటరు, ఇన్వర్టరు పెట్టకుండా 12 వోల్టుల బ్యాటరీలు రెండు తీసుకెళ్లడం తెలివైన పని. ఇన్వర్టరు గుయ్ మనే రొద తెరమీద ప్లవకాల పొరలా కనిపించి కూర్చుంటుంది. పెట్రోలు ఇంజను వద్దు, అది నీళ్లను చిలికి నురగ చేస్తుంది. తెడ్డు వేస్తే చాలు. ఈ చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల తెప్పలు ఈ పనికి ఏ పడవకూ తీసిపోవు. ల్యాప్‌టాప్ గడియారాన్ని జీపీఎస్ సమయంతో కలపడం మరిచిపోతే, ఏ ప్రతిధ్వని ఏ చోటిదో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఇంకో మాట... పనిచేస్తుందో లేదో చూద్దామని ట్రాన్స్‌డ్యూసర్‌ను గాలిలో పూర్తి శక్తితో పలికించకూడదు. దెబ్బతినొచ్చు. బకెట్ నీళ్లయినా ఉండాలి.

సర్వే మొదలయ్యే ముందు పది నిమిషాలు ధ్వని పంపడం ఆపేసి, వినడం మాత్రమే చేస్తారు. అప్పుడు వినిపించేదంతా రొదే. తర్వాతి లెక్కలోంచి దాన్ని తీసేయాలి.

బురద చేసే మోసం

ఇంత చేసినా ఒక పెద్ద మోసం మిగిలే ఉంటుంది. చెరువు అడుగున పేరుకున్న మురుగు గాలి అందక కుళ్లుతుంది. మీథేన్ పుడుతుంది. బుడగలుగా పైకి లేస్తుంది. నల్లటి నీళ్ల మీద ఎండపూట టపటపా పగిలే బుడగలు చూడనివారెవరు? నీళ్లలో గాలిబుడగకు ప్రతిధ్వని ఇవ్వడంలో పోటీయే లేదు. రెండు మిల్లీమీటర్ల బుడగ ఒక్కటి, అంతే సైజున్న డాఫ్నియా కన్నా వేల రెట్లు గట్టిగా పలుకుతుంది. డాఫ్నియా ఒళ్లు దాదాపు నీరే మరి, దాన్ని ధ్వని తేలిగ్గా దాటిపోతుంది. బుడగను అలా దాటలేదు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. చెరువు ఎంత కుళ్లితే అన్ని బుడగలు. ఎన్ని బుడగలుంటే తెరమీద అన్ని 'ప్రాణులు'. సరిగా తయారుకాని పరికరం పట్టుకెళితే, చచ్చిపోతున్న చెరువే అన్నిటికన్నా కళకళలాడుతున్నట్టు నివేదిక వస్తుంది. పూడిక తీతకూ శుద్ధికీ డబ్బు ఏ చెరువుకు ఇవ్వాలో అలాంటి కాగితం చూసి తేల్చితే ఇంకేముంది! వల వేసి తప్పు లెక్కేస్తే తక్కువ చూపిస్తుంది. ధ్వనితో తప్పు లెక్కేస్తే ఎక్కువ చూపిస్తుంది. రెండోదే ప్రమాదం. తక్కువ వచ్చిందంటే ఎవరో ఒకరు అనుమానిస్తారు, ఎక్కువ వచ్చిందంటే అందరికీ సంతోషమే కదా. మైక్రోసిస్టిస్ అనే నీలిపచ్చ పాచి కణాల్లో కూడా గాలి అరలుంటాయి. అవీ ఈ మోసంలో భాగస్వాములే.

కొందరు ఇదే గుణాన్ని తిరగేసి వాడుకున్నారు. ఇజ్రాయెల్‌లోని కిన్నరెత్ సరస్సులో ఇలియా ఒస్ట్రోవ్‌స్కీ ఎకో సౌండర్‌తో ప్లవకాలను కాదు, మీథేన్ బుడగలనే లెక్కగట్టి 2003లో ఫలితాలు ప్రచురించారు. అంటే రెండింటినీ విడదీయడం సాధ్యమేనన్నమాట. ఎలాగంటే, బుడగ ఒకచోట నిలవదు. సెకనుకు ఇరవై సెంటీమీటర్లకు అటూఇటూగా పైకి పోతుంది. తెప్పను లంగరు వేసి కదలకుండా ఉంచితే, తెరమీద బుడగ వాలుగీతలా కనిపిస్తుంది. ప్లవకాలు మబ్బుపొరలా నిలిచి ఉంటాయి. తెప్ప కదులుతున్నప్పుడు ఈ తేడా చెరిగిపోతుంది. కాబట్టి చెరువంతా తిరిగే ముందు, నాలుగైదు చోట్ల ఆగి వినడం తయారీలో భాగం కావాలి. కావాలని ఓ గడకర్రతో బురదను పొడిచి, లేచిన బుడగల ప్రతిధ్వనిని రికార్డు చేసి పెట్టుకోవడం ఇంకా మంచిది. దొంగ ఫొటో ముందే దగ్గర ఉంటే పట్టుకోవడం తేలిక.

పరికరాల పెట్టెలో చివరగా చేరాల్సినవి చవకైనవే. ఒకటి పెద్ద ప్లాస్టిక్ గరాటు. తలకిందులుగా ముంచి, పైన నీళ్లు నింపిన సీసా బోర్లిస్తే గంటకు ఎంత వాయువు లేస్తోందో సీసాలో కనిపిస్తుంది. రెండోది మునవర్ తరం వాడిన సన్నటి వల. 30 సెంటీమీటర్ల మూతి ఉన్న వలను రెండు మీటర్లు నిలువునా లాగితే సుమారు 140 లీటర్ల నీళ్లు వడకట్టినట్టు. పాచితో కన్నాలు మూసుకుపోకుండా లాగిన ప్రతిసారీ కడగాలి. పట్టిన ప్రాణుల్ని చక్కెర కలిపిన ఫార్మలిన్‌లో వేస్తే డాఫ్నియాల గుడ్లు రాలిపోకుండా ఉంటాయి. 1973 నుంచి వాడుకలో ఉన్న చిట్కా ఇది. తర్వాత ఒక మిల్లీలీటరు పట్టే గాజు అరలో పోసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. మెడ నొప్పి ఖాయం.

వల వేసినచోటే, అదే నిమిషంలో ధ్వని లెక్క కూడా తీయాలి. పగలోసారి, రాత్రోసారి. వల చూపించిన ప్రాణులు ఎంత ప్రతిధ్వని ఇవ్వాలో లెక్కకట్టి, పరికరం విన్నదాని పక్కన పెడతారు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే తెప్పను ముందుకు నడపొచ్చు. ప్రతిధ్వని వందరెట్లు ఎక్కువొస్తే, ముందు ఆ గరాటు మీది సీసాలో ఎంత వాయువు చేరిందో చూడాలి.